ఒకే రాగి రేకు, రెండు ఫలితాలు: పదార్థం గుణాన్ని పై పొరే నిర్ణయిస్తుందా?

నానోపొర
అందరికీ నమస్కారం. మా ల్యాబ్‌లో ఒక చిక్కు వచ్చి పడింది. ఒకే రాగి రేకు నుంచి ముక్కలు కత్తిరించాం. కొన్నిటిని పలచటి ఆమ్లంలో ముంచి, కడిగి, ఆరబెట్టి, గాలిలో ఒక రాత్రి ఉంచి వైరస్ పరీక్షకు పంపాం. మిగతా వాటిని ప్యాకెట్ విప్పి ఆల్కహాల్‌తో తుడిచి పంపేశాం. మొదటి వాటి మీద రెండు గంటలకే వైరస్ దాదాపు లేకుండా పోయింది. రెండో వాటి ఫలితం స్టెయిన్‌లెస్ స్టీల్ కంటే కొద్దిగా మెరుగు, అంతకుమించి ఏమీ లేదు. స్ఫటిక నిర్మాణం చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్షలో రెండూ అచ్చం ఒకటే, స్వచ్ఛమైన రాగి.

దీంతో నాకు పెద్ద సందేహమే పట్టుకుంది. "రాగి వైరస్‌ను చంపుతుంది", "బంగారం చర్య జరపదు", "ఇది ఇన్సులేటర్" అని పదార్థం పేరు చెప్పి గుణం చెప్పేస్తుంటాం కదా. అది ఎంతవరకు సబబు? ఎలక్ట్రానిక్స్ వాళ్లు, కెమిస్ట్రీ వాళ్లు, వైరాలజీ వాళ్లు అందరూ ఇక్కడ ఉన్నారు కాబట్టి ఒకేచోట అడుగుతున్నాను.

ఉత్ప్రేరకి
ముందు మీ రేకు సంగతి. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ మైక్రాన్ల లోతు దాకా చూస్తుంది. వైరస్‌కు తగిలేది అన్నిటికన్నా పైన ఉన్న ఒకటి రెండు నానోమీటర్లే. లోతులో రాగి ఉందని తేలితే పైన ఏముందో తేలినట్టు కాదు. ఎక్స్‌రే ఫోటోఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీ చేయించండి, అది పై 5 నుంచి 10 నానోమీటర్లే చూస్తుంది. రెండు చోట్ల దృష్టి పెట్టండి. 284.8 ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల దగ్గర కార్బన్ శిఖరం ఎంత పెద్దదో చూడండి. 400 దగ్గర నైట్రోజన్ శిఖరం ఉందో లేదో కూడా చూడండి. రేకు నల్లబడకుండా తయారీలోనే బెంజోట్రయజోల్ అనే, నైట్రోజన్ ఉన్న సేంద్రియ రసాయనం పూయడం మామూలే. కొద్ది నానోమీటర్ల మందమే ఉంటుంది, కంటికి కనపడదు, రాగిని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. ఆల్కహాల్‌తో తుడిస్తే అది పోతుందని నేను నమ్మను.

స్పెక్ట్రోస్కోపీకి టైమ్ పడుతుందంటే ఈలోగా ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. శుభ్రమైన రాగి ఆక్సైడ్ మీద చుక్క పరుచుకుంటుంది. సేంద్రియ పొర ఉంటే గుండ్రంగా నిలబడుతుంది.

కొత్తగా_చేరా
బీఎస్సీ చదువుతున్నాను, అడగడానికి కాస్త మొహమాటంగానే ఉంది. లోపలి అణువులూ అవే, పై అణువులూ అవే కదండీ. మరి పై వాటి ప్రవర్తన ఎందుకు మారాలి?

అర్ధవాహకం
మొహమాటం అక్కర్లేదు. ఈ ప్రశ్న మీద నోబెల్ బహుమతులే వచ్చాయి.

గుంపు మధ్యలో నిలబడ్డవాడికి నాలుగు పక్కలా చెయ్యి పట్టుకునేవాళ్లు ఉంటారు. అంచున ఉన్నవాడికి ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది. సిలికాన్ స్ఫటికంలో ప్రతి పరమాణువుకూ నాలుగు బంధాలు. స్ఫటికాన్ని కోసిన చోట కొన్ని బంధాలు తెగి వేలాడతాయి. లోపల ఎలక్ట్రాన్ ఉండటానికి వీల్లేని శక్తి అంతరంలో ఈ తెగిన బంధాలు కొత్త స్థాయిలు సృష్టిస్తాయి. ఎలక్ట్రాన్లు వచ్చి వాటిలో ఇరుక్కుంటాయి.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే విషయం అనుకోకండి. ట్రాన్సిస్టర్ చరిత్ర మొత్తం దీని చుట్టూనే తిరిగింది. 1945లో బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త షాక్లీ ఒక ఆలోచన చేశాడు: సిలికాన్ మీద విద్యుత్ క్షేత్రం పెడితే లోపలి కరెంటును అదుపు చేయొచ్చు కదా అని. లెక్క సరిగ్గానే ఉంది. పరికరం మాత్రం పనిచేయలేదు. కారణం కనిపెట్టింది ఆయన సహచరుడు బార్డీన్. ఉపరితలం మీద ఇరుక్కున్న ఎలక్ట్రాన్లే ఆ క్షేత్రాన్ని అడ్డుకుంటున్నాయి, లోపలికి పోనివ్వడం లేదు అన్నాడు. ఆ ఉపరితలాన్ని అర్థం చేసుకునే ప్రయత్నంలోనే 1947 డిసెంబరులో బార్డీన్, బ్రాటెన్ బెల్ ల్యాబ్స్‌లో మొదటి ట్రాన్సిస్టర్ చేశారు. షాక్లీ అనుకున్న క్షేత్ర ప్రభావం ట్రాన్సిస్టర్ నిజంగా చేతికి రావడానికి 1959 దాకా ఆగాల్సి వచ్చింది. అటాలా, కాంగ్ కలిసి చేశారు దాన్ని. సిలికాన్‌ను ఆక్సిజన్‌లో వేడిచేసి పైన శుభ్రమైన ఆక్సైడ్ పెంచితే తెగిన బంధాల్లో చాలా భాగం మూసుకుపోతాయని అటాలా అంతకుముందే చూపించాడు.

ఆ తర్వాత కూడా కొన్ని మిగులుతాయి. వాటి కోసం హైడ్రోజన్ కలిసిన వాయువులో 400 డిగ్రీల పైచిలుకు వేడిచేస్తాం. హైడ్రోజన్ వెళ్లి ఆ ఖాళీ చేతుల్ని పట్టుకుంటుంది. చదరపు సెంటీమీటరుకు 10^12 దాకా ఉన్న లోపాలు 10^10 స్థాయికి దిగుతాయి. ఆ ఉపరితలంలో ఉన్న సిలికాన్ పరమాణువులు చదరపు సెంటీమీటరుకు సుమారు 7×10^14. అంటే పదివేలల్లో ఒక్క పరమాణువు కూడా తప్పుగా ఉండకూడదన్నమాట. మీ చేతిలోని ఫోన్ పనిచేస్తోందంటే సిలికాన్, ఆక్సైడ్ కలిసే ఆ ఒక్క సరిహద్దు, అంటే ఇంటర్‌ఫేస్, అంత బాగుంది కాబట్టే.

అర్ధవాహకాల శాస్త్రవేత్త హెర్బర్ట్ క్రోమర్ తన నోబెల్ ఉపన్యాసంలో అన్న మాట ఇదే: ఇంటర్‌ఫేసే పరికరం.

కొత్తగా_చేరా
ధన్యవాదాలండీ, ఇప్పుడు తలకెక్కింది. ఇంటర్‌ఫేస్ అంటే ఎప్పుడూ లోపమేనా? రెండు పదార్థాలు కలిసిన చోట మంచి కొత్త గుణం పుట్టడం ఉండదా?

అర్ధవాహకం
ఎందుకుండదు! లాంథనమ్ అల్యూమినేట్ ఇన్సులేటర్. స్ట్రాన్షియం టైటనేట్ కూడా ఇన్సులేటరే. 2004లో ఓటోమో, హ్వాంగ్ రెండోదాని మీద మొదటిదాన్ని పొరలు పొరలుగా పెంచారు. రెండూ కలిసే చోట ఎలక్ట్రాన్లు లోహంలో లాగా పరిగెత్తాయి. దీనికి మందం లెక్క కూడా ఉంది. పైన మూడు యూనిట్ సెల్స్ (స్ఫటికంలో పదేపదే వచ్చే అతి చిన్న గడులు) మందాన వేస్తే కరెంటు పారదు, నాలుగు వేస్తే పారుతుంది. తర్వాత 2007లో అదే ఇంటర్‌ఫేస్ 0.2 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుందని కూడా చూపించారు. ఆ ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి వచ్చాయన్నదాని మీద వాదన నడుస్తూనే ఉంది. పొరల మధ్య ఆవేశం తేడా వల్ల అంటారు కొందరు. ఆక్సిజన్ ఖాళీల వల్ల, పరమాణువులు అటూఇటూ కలిసిపోవడం వల్ల అంటారు ఇంకొందరు. నా మటుకు నాకు ఒక్క కారణంతో ఇది తేలదనిపిస్తుంది.

బ్యాటరీసెల్
మా వైపు నుంచి ఒక్క ఉదాహరణ. లిథియం అయాన్ బ్యాటరీలో గ్రాఫైట్‌కూ ద్రవానికీ మధ్య మొదటి చార్జింగ్‌లోనే ఒక పలచని పొర ఏర్పడుతుంది. ద్రవంలో ఇథిలీన్ కార్బొనేట్ ఉంటే ఆ పొర గట్టిగా, లిథియం మాత్రమే దూరేలా వస్తుంది. బ్యాటరీ ఏళ్ల తరబడి నడుస్తుంది. దాని బదులు ప్రొపిలీన్ కార్బొనేట్ ఒక్కటే వాడితే ఆ పొర నిలవదు. ద్రావకం గ్రాఫైట్ పొరల మధ్యకు చొరబడి వాటిని పేలికలు చేసేస్తుంది. రెండు అణువులకూ తేడా ఒకే ఒక్క మిథైల్ గుంపు. గ్రాఫైట్ అదే, లిథియం అదే.

ఉత్ప్రేరకి
బంగారం మాట ఎత్తారు కాబట్టి చెప్తాను. నా పీహెచ్‌డీ అంతా దాని మీదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తే ఏమీ అనుకోకండి.

బంగారం చర్య జరపదన్నది ముద్ద బంగారానికి నిజం. 1980లలో జపాన్‌లో మసతకే హరుత దాన్ని 5 నానోమీటర్ల లోపు కణాలుగా చేసి ఐరన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ లాంటి వాటి మీద నిలబెట్టాడు. సున్నా డిగ్రీల కంటే కింద కూడా అది కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సిజన్‌తో కలిపి కార్బన్ డయాక్సైడ్ చేసేసింది. చాలామంది మొదట నమ్మలేదు. 3 నానోమీటర్ల బంగారు కణంలో సగానికి దగ్గరగా పరమాణువులు ఉపరితలం మీదే ఉంటాయి. మూలల్లో, అంచుల్లో ఉన్నవాటికి పొరుగువాళ్లు మరీ తక్కువ, అందుకే అవి వచ్చిన అణువును పట్టుకోగలవు. ఇంకో సంగతి, బంగారం ఒక్కటే ఉంటే ఇంత పని జరగదు. బంగారం ఆక్సైడ్‌ను తాకే ఆ సరిహద్దు గీత దగ్గరే చర్య ఎక్కువ. ఏ ఆక్సైడ్ మీద కూర్చోబెట్టారన్నదాన్ని బట్టి వేగం మారిపోతుంది.

ఒకే లోహంలో ఏ ముఖం బయటికి ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అమ్మోనియా తయారీలో నైట్రోజన్ అణువును విడగొట్టేది ఇనుము ఉపరితలం. ఇనుము స్ఫటికాన్ని 111 ముఖం కనపడేలా కోస్తే (ఈ అంకెలు ఏ దిశలో కోశామో చెప్పే గుర్తులు) అది చురుకుగా పనిచేస్తుంది. దగ్గర దగ్గరగా పేర్చిన 110 ముఖం చాలా మందకొడి. గెర్హార్డ్ ఎర్ట్‌ల్ ఈ చర్యను అడుగడుగునా విడమరిచి చూపించాడు, 2007లో ఆయనకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన శక్తి కూడా ముఖాన్ని బట్టే మారుతుంది. టంగ్‌స్టన్‌లో 110 ముఖానికి సుమారు 5.2 ఎలక్ట్రాన్‌వోల్ట్‌లు, 111 ముఖానికి 4.5.

అర్ధవాహకం గారు ఎలక్ట్రాన్ల గురించి చెప్పారు, నేను చర్యల గురించి చెప్తున్నాను. ఈ రెండూ వేర్వేరు విషయాలు కావని నా గట్టి నమ్మకం. గ్యాస్ లీకును పసిగట్టే టిన్ ఆక్సైడ్ సెన్సర్ చూడండి. వేడిగా ఉన్న ఆక్సైడ్ మీద గాలిలోని ఆక్సిజన్ వచ్చి కూర్చుని ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది, నిరోధం పెరుగుతుంది. మండే వాయువు వస్తే ఆ ఆక్సిజన్‌తో కలిసి వెళ్లిపోతుంది, ఎలక్ట్రాన్లు తిరిగి ఆక్సైడ్‌కు దక్కుతాయి, నిరోధం పడిపోతుంది. ఉపరితలం మీద జరిగిన రసాయన చర్యనే మనం కరెంటుగా చదువుతున్నాం.

వైరాలజీబెంచ్
ఇక వైరస్‌ల మాట నేను చెప్పాలి.

2020లో అందరూ చదివిన లెక్కలు: 21 నుంచి 23 డిగ్రీల వేడి, 40 శాతం తేమ దగ్గర కరోనా వైరస్ ప్లాస్టిక్, స్టీల్ మీద 72 గంటల దాకా కనపడింది. రాగి మీద 4 గంటల తర్వాత బతికున్న వైరస్ దొరకలేదు. అట్ట మీద 24 గంటల తర్వాత దొరకలేదు. ఈ నాలుగు పదార్థాల పేర్లు బాగా ప్రచారమయ్యాయి, "ఈ వేడిలో, ఈ తేమలో, ఇంత వైరస్ వేస్తే" అన్న షరతులు మాత్రం పక్కకు పోయాయి.

రాగి ఎలా చంపుతుందంటే, ఒకే దెబ్బతో కాదు. రాగి అయాన్లు ప్రోటీన్లలోని గంధకం ఉన్న చోట్లను పట్టుకుంటాయి. ఆక్సిజన్‌తో కలిసి చురుకైన రాడికల్స్ పుట్టిస్తాయి. లోపలి జన్యు పదార్థం కూడా ముక్కలవుతుంది. ఆక్సైడ్లలో ఆక్సిజన్ తక్కువున్న ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడ్ బలంగా పనిచేస్తుంది, ఆక్సిజన్ ఎక్కువున్న నల్లటి క్యూప్రిక్ ఆక్సైడ్ అంతకంటే బలహీనం. అంటే రాగి నల్లబడిన కొద్దీ దాని పని మారుతుంది. నేరుగా తగలడం కూడా ముఖ్యమే. బ్యాక్టీరియాతో 2013లో ఒక చక్కటి ప్రయోగం చేశారు. రాగి మీద సన్నటి పాలిమర్ జాలీ పరిచారు. అయాన్లు బయటికి రాగలవు, బ్యాక్టీరియా మాత్రం లోహాన్ని తాకలేదు. చంపడం బాగా తగ్గిపోయింది. నానోపొర గారి రెండో బ్యాచ్ మీద నిజంగా ఏదైనా పొర ఉంటే అది సరిగ్గా ఆ జాలీ పనే చేస్తోందని నా అనుమానం.

ఇంకొకటి మర్చిపోకూడదు. కొవ్వు పొర ఉన్న వైరస్‌లు వేరు, లేనివి వేరు. కరోనా, ఇన్‌ఫ్లూయెంజా మొదటి రకం, త్వరగా చెదిరిపోతాయి. నోరోవైరస్ రెండో రకం, చాలా మొండిది. ఇన్‌ఫ్లూయెంజా మీద పనిచేసిన పూత నోరో మీద కూడా పనిచేస్తుందని రాసేస్తే అది అబద్ధమే అవుతుంది.

పెయింట్‌ల్యాబ్
పూతల తయారీలో ఉన్నాను, రోజూ చూసే రెండు సంగతులు చెప్తాను.

పెయింట్‌లో క్యూప్రస్ ఆక్సైడ్ పొడి కలుపుతారు, డబ్బా మీద ఎంత శాతం ఉందో గొప్పగా రాస్తారు. పెయింట్ ఆరాక ప్రతి కణం మీదా రెజిన్ తొడుగు ఉంటుంది. కణాలు లోపల, వైరస్ బయట, మధ్యలో ప్లాస్టిక్. శాతం పెంచినా పెద్దగా లాభం ఉండదు. పైపైన ప్లాస్మాతోనో, సన్నటి రాపిడితోనో ఆ తొడుగు తీస్తే అదే పెయింట్ ఒక్కసారిగా పనిచేయడం మొదలుపెడుతుంది.

రెండోది పరీక్షలు. వైరస్‌ను చంపే ఉపరితలాలను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 21702 ప్రకారం నమూనా మీద వైరస్ ద్రవం వేసి, పైన పలచని ఫిల్మ్ కప్పి, 25 డిగ్రీల దగ్గర, బాగా తేమలో 24 గంటలు ఉంచుతారు. నమూనాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఇది మంచి పద్ధతే. కానీ మనుషులు ముట్టుకునే తలుపు పిడి మీద పడే తుంపర కొద్దిసేపట్లోనే ఆరిపోతుంది. దాని మీద ఫిల్మ్ ఉండదు, చేతి జిడ్డు ఉంటుంది. 24 గంటలు తడిలో నానబెట్టి తెచ్చిన 99.9 శాతాన్ని అక్కడికి తీసుకెళ్లి అతికించడం వినియోగదారుడికి చేసే అన్యాయం. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

కొత్తగా_చేరా
నీరు జారిపోయే పూతలు ఉంటాయి కదా, వాటి మీద వైరస్ అసలు నిలవదు అంటారు. అది నిజమేనా?

పెయింట్‌ల్యాబ్
వాలుగా ఉన్నచోట పెద్ద చుక్క జారిపోతుంది, నిజమే. చిన్న తుంపర అంటుకునే ఉంటుంది, పైగా గుండ్రంగా నిలబడటం వల్ల నెమ్మదిగా ఆరుతుంది. పూతలో వైరస్‌ను చంపే పదార్థం ఉన్నా దాన్ని తాకే వైశాల్యం తగ్గుతుంది. నీటిని పీల్చి పరిచేసే సన్నటి రంధ్రాల పూతలో ద్రవం త్వరగా పలచబడి ఆరుతుంది, వైరస్ గోడలకు తగులుతుంది. చాలా సందర్భాల్లో నా ఓటు దానికే.

ఉత్ప్రేరకి
వెలుతురు సంగతి కూడా కలపాలి. టైటానియం డయాక్సైడ్ మీద కాంతి పడితే నీరు విడిపోతుందని 1972లో ఫుజిషిమా, హోండా చూపించారు. అదే చర్య సేంద్రియ పదార్థాన్నీ, వైరస్‌నూ ఛిద్రం చేయగలదు. ఇబ్బంది ఏంటంటే అనటేజ్ రకానికి శక్తి అంతరం 3.2 ఎలక్ట్రాన్‌వోల్ట్‌లు, అంటే 387 నానోమీటర్ల కంటే పొట్టి అతినీలలోహిత కాంతి కావాలి. గదిలోని ఎల్ఈడీ బల్బుల్లో అది దాదాపు ఉండదు. ఇక్కడా ఇంటర్‌ఫేసే ఆదుకుంది. 2012లో హషిమోటో బృందం ఆ ఆక్సైడ్ మీద చిన్న చిన్న రాగి ఆక్సైడ్ గుంపులు అతికించింది. మామూలు వెలుతురుకే ఎలక్ట్రాన్ టైటానియం ఆక్సైడ్ నుంచి నేరుగా ఎదుటి రాగిలోకి దూకుతుంది. అలా రాగి క్యూప్రస్ స్థితిలో నిలుస్తుంది కాబట్టి చీకట్లో కూడా వైరస్ మీద పనిచేస్తుంది. ఎలక్ట్రాన్ కదలిక, రసాయన స్థితి, వైరస్ చావు మూడూ ఒకే గీత మీద జరుగుతున్నాయి. నానోపొర గారు మొదట అడిగినదానికి నా సమాధానం ఇదే. పేరు చూసి గుణం చెప్పలేం. పైన ఏ స్థితిలో ఉంది, దేన్ని తాకుతోంది అని అడగాలి.

వైరాలజీబెంచ్
మంచి మాట. అయితే ఒక హద్దు గుర్తు చేయాలి. కరోనా ప్రధానంగా గాలి ద్వారా వ్యాపించింది. 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇచ్చిన అంచనా ప్రకారం, వైరస్ పడిన ఉపరితలాన్ని ఒకసారి తాకితే సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువ. ఆ జబ్బు కోసం ప్రతి గోడకూ పూత పూయించడం కంటే కిటికీలు, ఫిల్టర్ల మీద ఖర్చు పెట్టడం మేలు.

పెయింట్‌ల్యాబ్
కరోనా వరకు ఒప్పుకుంటాను. నోరోవైరస్‌కు అదే మాట చెప్పకండి. అది చేతుల మీదుగా, వస్తువుల మీదుగా పాకేదే, పైగా మామూలు ఆల్కహాల్ శానిటైజర్ దాని మీద సరిగా పనిచేయదు. ఆసుపత్రి బాత్రూమ్ కుళాయి మీద పూత పెడితే దండగ అంటే నేను ఒప్పుకోను.

వైరాలజీబెంచ్
కుళాయి విషయంలో మీ మాటే సరి. ఎలుకల నోరోవైరస్‌తో చేసిన పరీక్షల్లో రాగి మిశ్రమలోహాలు పనిచేశాయి కూడా. శుభ్రం చేయడం మానేయకుండా, దానికి తోడుగా పెడతామంటే నాకు అభ్యంతరం లేదు.

నానోపొర
స్పెక్ట్రోస్కోపీ వచ్చింది. ఉత్ప్రేరకి గారు చెప్పినట్టే రెండో బ్యాచ్‌లో నైట్రోజన్ శిఖరం స్పష్టంగా ఉంది, 400 కొంచెం కింద. ఆమ్లంలో ముంచిన వాటిలో అది లేదు. ఆ ముక్కల మీద నీటి చుక్క పరుచుకుంది, రెండో వాటి మీద గుండ్రంగా నిలబడింది. ఒక సందేహం: ఆమ్లంలో ముంచిన ముక్క మీద ఉన్నది రాగి లోహమా, క్యూప్రస్ ఆక్సైడా అన్నది ప్రధాన శిఖరం చూసి తేల్చలేకపోతున్నాం.

ఉత్ప్రేరకి
తేలదు, ఆ రెండిటి ప్రధాన శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అదే స్పెక్ట్రోస్కోపీలో వేరే చోట వచ్చే ఆజే ఎలక్ట్రాన్ల శిఖరం చూడండి, అక్కడ విడిపోతాయి. క్యూప్రిక్ ఉంటే ప్రధాన శిఖరం పక్కన 940 నుంచి 945 మధ్య ఉపశిఖరాలు లేస్తాయి, అవి లేకపోతే దాదాపు లేనట్టే. గాలిలో రాత్రంతా ఉంచారు కాబట్టి పైన పలచని క్యూప్రస్ పొర ఉంటుందని నా అంచనా.

వైరాలజీబెంచ్
నానోపొర గారూ, పేపర్ రాసే ముందు ఒక్క కంట్రోల్ తప్పకుండా చేయండి. నమూనా మీద నుంచి వైరస్‌ను ద్రవంలోకి కడిగి తీసినప్పుడు రాగి అయాన్లు కూడా దానితో వచ్చేస్తాయి. ఆ గొట్టంలో కూడా అవి చంపుతూనే ఉంటాయి, వైరస్‌ను లెక్కపెట్టడానికి పెంచిన జీవకణాల మీద వేశాక ఆ కణాలనే దెబ్బతీయొచ్చు. అప్పుడు గొట్టంలో చచ్చిన వైరస్ కూడా ఉపరితలం ఖాతాలో పడుతుంది. అందుకని రాగిని బంధించే ఈడీటీఏ లాంటిది కడిగే ద్రవంలో కలపండి. వైరస్ లేకుండా ఒక రాగి ముక్కను అదే ద్రవంతో కడిగి, ఆ కడిగిన నీళ్లలో తాజా వైరస్ వేసి, అంతే సేపు ఉంచి లెక్కపెట్టండి. సంఖ్య తగ్గకపోతే మీ మొదటి బ్యాచ్ ఫలితాన్ని నమ్మొచ్చు. తగ్గితే ఈడీటీఏ మోతాదు పెంచి మళ్లీ చేయాలి, ఆ మోతాదు కణాలకు హాని చేయడం లేదని విడిగా చూసుకోవాలి.

నానోపొర
ఈ కంట్రోల్ మేం పెట్టలేదండీ. సోమవారం ఈడీటీఏతో మొదలుపెడతాం. బెంజోట్రయజోల్ కావాలని పూసిన ముక్కలు కూడా ఒక వరుస కలుపుతున్నాం. అంకెలు రాగానే ఇదే థ్రెడ్‌లో పెడతాను.